ఔదార్యం ఓడ ముడి

దినచర్య 611

స్థలం: పరిపాలనా ఓడ ‘ఔదార్యం’, మూడో అంతస్తు, వంటగది పక్క గది. వాతావరణం: గాలి ఎటు వీచాలో తేల్చుకోలేదు. నేనూ అంతే.

నియమం ప్రకారం ముందు నా వివరాలు. గెద్దాడ ఇసా, అధికారిక దుబాసీ, దినచర్య లేఖకురాలు. అమ్మది కొత్త లుటా దీవిలో చమోరో వంశం. నాన్నది వలలు అల్లడానికి వచ్చిన ఉప్పాడ కుటుంబం. భూమ్మీద పాత దీవులు మునిగాక ఈ తాసి గ్రహానికి మొదట చేరింది చమోరోలు, వాళ్ళ వెనక ఉప్పాడవాళ్ళు, ఆ వెనక అందర్నీ ఉద్ధరించడానికి ఔదార్యం. అందుకే మా దీవిలో తిట్లు ఒక భాషలో, సామెతలు ఇంకో భాషలో, ఉత్తర్వులు మూడో భాషలో ఉంటాయి. ఆ మూడింటి మధ్య నిలబడి అందరి చేతా మాట పడటమే నా ఉద్యోగం.

ఈరోజు పనులు. నీళ్ళ వడపోత గుడ్డలు ఉతికాను. గవర్నరు ఓల్సెన్ దొరగారికి టీ పెట్టాను. ఆయన మంచివాడు. చీమను తొక్కితే చీమకు క్షమాపణ చెప్పి, తర్వాత పుట్టకు పన్ను వేసే రకం. టీ తాగి కొత్త ఉత్తర్వు నా చేతికిచ్చాడు. దాని పేరు ‘సమీకరణ’. తుఫానుల నుంచి కాపాడే నిమిత్తం దీవుల జనమంతా ఔదార్యం కింది అంతస్తుల్లోకి మారాలి. ఆపైన పడవలతో పని ఉండదు కనుక వాటిని విరిచి కొలిమికి పంపాలి.

పడవ లేని దీవి మనిషిని ఏమనాలో నాకు మూడు భాషల్లోనూ మాట దొరకలేదు. అనువాదంలో ఆ చోట ‘ప్రయాణికుడు’ అని రాసి, కాసేపు కిటికీ దగ్గర నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను.

ఈ దినచర్య నెలకోసారి భూమికి వెళుతుంది. అక్కడ దీన్నెవరూ చదవరని నా గట్టి నమ్మకం. పరీక్షించాను కూడా. నిరుడు మా పెద్దమ్మ గతించిన భర్త ఒక సొరచేప అని రాశాను. మా కీకో తాత ప్రతి పున్నమికీ ఒక ట్యూనా చేపకు ప్రేమలేఖ పంపుతాడని రాశాను. భూమి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పట్నుంచీ నోటికొచ్చిందీ చెవిన పడిందీ అంతా ఇందులోనే పారబోస్తున్నాను.

దినచర్య 612

ఉత్తర్వు పట్టుకుని దీవికి దిగాను. పెద్దమ్మ పడవ అడుగున పట్టిన నాచు గీకుతోంది. మా అమ్మకు అక్క, పేరు రెమెద్యోస్. ఊరంతా గౌరవంగా తాన్ రెమే అంటారు. మా దీవిలో వంశానికి పెద్ద ఆడదే. ఆమె ఊఁ అంటే పడవ నీళ్ళలోకి దిగుతుంది, ఊహూఁ అంటే ఒడ్డునే ఎండుతుంది. నేను వంగి ఆమె చేతి వెనక వైపు ముక్కు ఆనించి వాసన చూశాను. పెద్దవాళ్ళకు మా నమస్కారం అదే. చేతికి నాచు కంపు.

ఉత్తర్వు చదివాను. నాచు గీకడం ఆపలేదు. ‘కొలిమి’ అన్న మాట దగ్గర మాత్రం మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. గీకే చిప్ప పక్కన పెట్టి పడవ పొట్ట మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు.

పక్కన కీకో తాత తెరచాప కుడుతున్నాడు. పెద్దమ్మకు మేనమామ. కొడుకును ఔదార్యం మీద నాచు ఉడికించే బాయిలర్ల దగ్గర పోగొట్టుకున్నాడు. బాయిలరు పేలిందని ఓడవాళ్ళు పూలు పంపారు. పూలు ప్లాస్టిక్‌వి. తాత వాటిని ఇప్పటికీ గుమ్మానికి వేలాడదీసి ఉంచాడు, ఎందుకని ఎవరడిగినా మాట మారుస్తాడు.

“ఆ తాడు విప్పి పంపేస్తే సరిపోను,” అన్నాడు తాత, సూది దారం నోట్లో పెట్టుకునే.

ఆ తాడు సంగతి పైనున్న మహానుభావుల కోసం రాస్తాను. ఈ సముద్రంలో ఎవరైనా తాడు విసిరితే ఒడ్డునున్నవాడు పట్టుకోవాలి. ఆలోచించకూడదు. పట్టుకుని రాతికి కడితే వచ్చినవాడు అతిథి. ముడి ఉన్నంతకాలం అతనికి చోటు ఇవ్వాల్సిందే. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. వేరే చెయ్యి విప్పకూడదు, కత్తి తగలకూడదు. ముప్పై ఏళ్ళ కిందట ఔదార్యం విసిరిన మొదటి తాడు ఇప్పటికీ రేవులో లాటె రాతికి ఉంది. కింద స్తంభం, పైన గిన్నెలా కూర్చోబెట్టిన అర్ధగోళంలాంటి రాయి, ఆ మెడకు చుట్టిన ముడి. దొరలకు అది ఎంత నచ్చిందంటే తమ ముద్ర మీద ఆ బొమ్మే వేసుకున్నారు. ఒప్పందంలో కూడా రాసుకున్నారు: ‘దీవి కట్టుబాటు ప్రకారం ఓడ కట్టి ఉన్నంతకాలం పరిపాలన సాగును.’

అయితే కట్టిందెవరో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఊరంతా పెళ్ళి విందులో ఉందట. కట్టినవాడు పోయి ఉంటాడని తాత నమ్మకం. “బతికుంటే మాత్రం,” అని దారం పటుక్కున కొరికాడు.

పెద్దమ్మ మళ్ళీ నాచు గీకడం మొదలుపెట్టింది. అప్పటికే శుభ్రమైన చోటనే గీకింది.

దినచర్య 613

పెద్దమ్మ ఔదార్యం మీదికి వచ్చి విచారణ కోరింది. ఒప్పందం ప్రకారం, జనాన్ని కదిలించే ముందు స్థానిక పద్ధతిలో విచారణ జరగాలి. అది ముగిసేదాకా ఏ పడవనూ తాకకూడదు. స్థానిక పద్ధతి అంటే ఏమిటని దొర ఆసక్తిగా అడిగాడు.

“ఎత్తిపొడుపు పాటలు,” అంది పెద్దమ్మ.

రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చుని నాలుగేసి చరణాల పాట విసురుకోవాలి. చిల్లున్న కొబ్బరిచిప్ప నీళ్ళలో మునిగేలోగా అవతలి పక్షం బదులు చెప్పాలి. చెప్పలేనివాళ్ళు ఓడినట్టు. ఇంకొక నియమం: పాటలో వచ్చిన మాటకి పగ లేదు. ఎంత చేదు నిజం బయటపడ్డా దాన్ని పట్టుకుని తర్వాత ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. మా నాన్న దీన్ని వియ్యాలవారి పాటలతో పోలుస్తాడు. తేడా ఏమిటంటే అక్కడ చివర్లో భోజనం పెడతారు.

దొర మురిసిపోయాడు. సంస్కృతిని గౌరవించే అవకాశం వస్తే వదలడు. వెంటనే సంతకం చేశాడు. నేను టీ ఒలకబోశాను.

దినచర్య 615

విచారణ రేవులోనే, లాటె రాయి పక్కన. దొర మొదటి పాట తనే రాసుకొచ్చి చదివాడు. తుఫాను, గట్టి గదులు, భవిష్యత్తు అన్నీ ఉన్నాయి, పాట తప్ప. మావాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు. కీకో తాత గొంతు సవరించుకున్నాడు:

*గంప కింద పీతకెంత భద్రమో దొరా*
*గాలి సోకదు, వాన తాకదు, గద్ద వాలదు*
*గంప ఎత్తి పీతనోసారడిగి చూడరా*
*కుండలోన నీళ్ళు మరిగితే అది పలకదు*

దొరను ‘రా’ అనడం అనువాదంలో ఎలా చెప్పాలో తెలియక ‘ప్రియమైన గవర్నరుగారూ’ అని చెప్పాను. ఆయన తల వంచి కృతజ్ఞతలు తెలిపాడు. ఓడ పక్షాన గుమాస్తాలు, వంటవాళ్ళు, ఆఖరికి డాక్టరు కూడా వంతులేసుకుని పాడారు. చిప్ప చాలాసార్లు అంచుదాకా మునిగి ఆగింది. ఒడ్డున పడవలు బారుగా ఉన్నాయి, విచారణ తేలేదాకా కదలకూడదని ఓడవాళ్ళు మెడలో వేసిన సీళ్ళతో. పిల్లలు వెళ్ళి వాటి పక్కన పడుకుంటున్నారు.

దినచర్య 617

మావాళ్ళ గొంతులు పోయాయి. అల్లం ఉడకబెట్టిన నీళ్ళు మోయడం ఈరోజు నా పని. అధికారికంగా నేను ఓడ మనిషిని కాబట్టి అటువైపు కూడా మోశాను. గుమాస్తాలు కూడా పడిపోతున్నారు, రేపటితో మనదే గెలుపని తాత బొంగురు గొంతుతో లెక్కలు కట్టాడు.

అప్పుడు దొర ఒక పెట్టె తెప్పించాడు. మంచినీళ్ళ డ్రమ్మంత ఉంటుంది. పేరు సంభాషిణి. దానికి ఆకలి లేదు, దగ్గు రాదు, గొంతు ఎండదు. పాట అడిగితే ఊపిరి తీసినంతలో పాడేస్తుంది, ప్రాస తప్పకుండా. నియమాల్లో యంత్రం పాడకూడదని లేదు. మా పెద్దలు వాటిని రాసినప్పుడు యంత్రాలకు సిగ్గుండేదేమో.

పెద్దమ్మ అభ్యంతరం చెప్పలేదు. దాని ముందు ఆకు వేసి అన్నం, ఎండుచేప వడ్డించమంది. ఎదుటి పక్షంలో ఎవరు కూర్చున్నా పెట్టాలి కదా. చేప కాసేపటికి పిల్లి పాలైంది.

దినచర్య 618

ఈరోజు జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. చెయ్యిని అదుపులో పెట్టడం ఎలాగూ నాకు చేతకాలేదు.

పొద్దున సంభాషిణి పాడిన పాట:

*సొరచేపను పెళ్ళాడిన సోకులాడి రెమే*
*పుట్టింటికి తెచ్చుకుంది పళ్ళున్న అల్లుణ్ణే*
*ముద్దు పెడితే మూతి పోయె, అదృష్టం ఏమే*
*ముసలినాడు మిగిలినది ముళ్ళబుట్ట ఒకటే*

రేవంతా ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వింది. తాత కడుపు పట్టుకుని దొర్లాడు. నవ్వుతో ఎవరికీ బదులు రావడం లేదు, అవతల చిప్ప మునుగుతోంది. పెద్దమ్మే ఏదో నాలుగు ముక్కలు అతికించి గట్టెక్కించింది. ఆ వెంటనే ట్యూనా ప్రేమలేఖల పాట వచ్చింది. తాత నవ్వు ఆగిపోయింది. “నేనెప్పుడు రాసేను?” అని చుట్టూ చూశాడు.

నేను మాత్రం నవ్వలేదు. దొర దగ్గరికి వెళ్ళి, దీనికి ఈ సంగతులన్నీ ఎవరు చెప్పారండీ అని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఆయన నా భుజం తట్టాడు. దీవి గురించి రాసి ఉన్నదంతా దానికి పెట్టారట. అందులో ముప్పాతిక వంతు నా దినచర్యలేనట. “నువ్వే దీనికి అన్నం పెట్టావమ్మా,” అన్నాడు అభిమానంగా.

నన్ను ఇంతకాలానికి ఒకరు చదివారు. రచయితకు ఇంతకన్నా ఏం కావాలి. నేను ఆ పెట్టె దగ్గర్నుంచి నాలుగడుగులు దూరం జరిగాను.

ఎందుకంటే అందులో అబద్ధాలతో పాటు ఒక నిజం ఉంది. నిరుడు పెద్దమ్మా నేనూ చేపలు కడుగుతుంటే ఆమె చెప్పింది. పెళ్ళి విందు నాడు నీళ్ళకని రేవు పక్క బావికి వెళ్ళింది తనే. ఓడ మీంచి ఒక మీసాల కుర్రవాడు తాడు విసిరాడు. మీసం బాగుంది. తాడు చేతిలో పడింది. కట్టింది. నేను పడీ పడీ నవ్వి, ఆ సాయంత్రమే ఇందులో రాసేశాను, మీసానికి కాస్త నూనె కూడా పూసి.

విరామంలో పెద్దమ్మ అల్లం నీళ్ళు తాగుతుంటే పక్కన చేరాను. నేను నోరు తెరవకముందే తను అంది:

“మీసం సంగతి కూడా రాసేవేటే?”

“రాసేను పెద్దమ్మా.”

ఇంకో గుక్క తాగింది. పోనీ ఆ పెట్టెలో టీ పోసేస్తాను, కాలిపోతుంది అన్నాను. టీ దండగన్నది. తర్వాత తాత వైపు చూస్తూ, అతనికి వినబడకుండా:

“బాయిలరు పేలిన్నాడు మావ కొడుకుని ఒడ్డుకి తెచ్చినప్పుడు చెప్పేద్దారని నోటిదాకా వచ్చింది. మావ మొకం సూసి మింగేసేను. ఆళ్ళు తెచ్చిన పెతీదీ నా తాడు పట్టుకునే వచ్చిందని అంటాడు గదా. ముప్పై ఏళ్ళు మింగుతానే ఉన్నాను.”

“అది రేపు పాడేస్తుంది.”

“పాడనీ. పాటలో వచ్చిన మాటకి పగ నేదు. ఇంకెక్కడ చెప్పుకోను?”

విచారణకు ఇన్ని పద్ధతులుండగా పాటలే ఎందుకు కోరిందో నాకు అప్పుడు తట్టింది. నాకు చెప్పిందీ అందుకేనా అని అడగబోయాను. గిన్నె నా చేతిలో పెట్టి లేచిపోయింది.

దినచర్య 619

గాలి తిరిగింది. ఓడ తాడు పొద్దున్నుంచీ కిర్రుమంటోంది. ప్రతి పాటకూ ఇదేనేమో అని ఉలిక్కిపడటం, కాకపోతే ఇంకా ఎప్పుడని విసుగు. గోళ్ళు కొరకడానికి ఇక మిగల్లేదు. మధ్యాహ్నం ఎండ లాటె రాతి మీదికి వచ్చినప్పుడు సంభాషిణి పాడింది:

*మొదటి తాడు మేము విసిరిన పొద్దు గుర్తుందా*
*మూలరాతికి దాన్ని చుట్టిన ముద్దుపిల్ల ఎవరు*
*మీసం చూసి కట్టినాక ముడి బిగువుగా ఉందా*
*మమ్ము కట్టి, పొండి అంటే, రెమే, నవ్వరా నలుగురు*

ఎవరూ నవ్వలేదు. సొరచేప పాటలాంటిదే ఇదీ అనుకుని వెనక ఎవరో నవ్వబోయి, పెద్దమ్మ ముఖం చూసి మానేశారు. తాత తలెత్తాడు. చిప్పలోకి నీరు ఎక్కుతోంది. పెద్దమ్మ నిలబడింది. మామూలుగా కూర్చునే పాడాలి.

*కట్టినాను, ఔను నేనే, కన్నెపిల్లనప్పుడు*
*చుట్టమనే అనుకున్నాను, తాడు చేత పడినప్పుడు*
*కట్టిన చెయ్యే విప్పవలెను, ఇది మా కడలి మేర*
*ఎవరి చెయ్యో చెప్పినావు, నీ నోట పంచదార*

నేను అనువదించలేదు. దొరకు అర్థమైంది. ఆయన ముఖంలో మొదట గెలిచిన నవ్వుంది, మూడో చరణం దగ్గర అది దారి తప్పింది.

సంభాషిణి వెంటనే ఇంకో పాట ఎత్తుకుంది. దాన్నెవరూ వినడం లేదు. తాత లేచి పెద్దమ్మ దగ్గరికి నడిచాడు. ఆయన మోకాళ్ళ చప్పుడు కూడా వినిపించింది. చెయ్యెత్తుతాడనుకున్నాను. ఆమె కూడా అనుకున్నట్టుంది, కళ్ళు మూసుకుంది. తాత ఆమె చెయ్యి పట్టుకుని, వంగి, వెనక వైపు ముక్కు ఆనించాడు. మేనమామ మేనకోడలి చేతికి అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

“పద,” అన్నాడు లేచి. “పొద్దు పోకముందే ఇప్పు.”

ఇప్పటిదాకా మేం ఓడను పంపలేకపోయింది చెయ్యి తెలియకే. ఆ చెయ్యెవరిదో వాళ్ళ యంత్రమే, వాళ్ళ తరఫునే, నిండు విచారణలో చెప్పేసింది. ఇక ముడి విడితే పరిపాలనా లేదు, పాటల్లో గెలుపోటముల లెక్కా లేదు.

దొర ఒప్పందం తెప్పించి చదివాడు. మళ్ళీ చదివాడు. కట్టి ఉన్నంతకాలం అన్నది అలంకారంగా రాసిన మాటని చెప్పమన్నాడు. చెప్పాను.

“మేం అలంకారానికి కట్టలేదని చెప్పు,” అంది పెద్దమ్మ.

ముప్పై ఏళ్ళ ఉప్పుతో ముడి రాయైపోయింది. కొయ్యకూడదు, ఎవరూ సాయం పట్టకూడదు. పెద్దమ్మ వల అల్లే ఎముక సూది ముడిలో దూర్చి, చిన్నగా కదుపుతూ కూర్చుంది. దీవి దీవంతా నిలబడి చూసింది. కాపలావాళ్ళు దొర వైపు చూశారు, దొర ఒప్పందం వైపు చూశాడు. ఎండ మండిపోతుంటే ఆఖరికి ఆయనే గొడుగు తెచ్చి ఆమెకు పట్టాడు. ఇది కూడా సంస్కృతిని గౌరవించడమే అనుకున్నాడో, చెయ్యి ఖాళీగా ఉండలేకపోయిందో. సూది విరిగింది. ఇంకోటి తీసింది. గోటి కింద నెత్తురొచ్చింది. ఓడ మెట్ల మీద, దినచర్య ఒళ్ళో పెట్టుకుని, నేను నిలబడటం, కూర్చోవడం, నిలబడటం.

ముడి విడిన చప్పుడేమీ లేదు. తాడు పాములా రాతి మెడ మీంచి జారి నీళ్ళలో పడింది. ఓడ కదల్లేదు. ఇంతేనా అనిపించింది. తర్వాత మెట్లకీ రేవుకీ మధ్య జానెడు నీరు కనబడింది. అప్పుడు దొర గొడుగుతో సహా ఓడ ఎక్కడానికి పరిగెత్తాడు.

నేను అటు పక్కనే ఉన్నాను. జానెడు బారెడైంది.

“ఏటే,” అంది పెద్దమ్మ, వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ. “అటేనా, ఇటేనా?”

దూకాను. ఒక చెప్పు పరిపాలన అధీనంలో ఉండిపోయింది.

దినచర్య 624

స్థలం: కొత్త లుటా రేవు. ఇది అధికారిక దినచర్య అవునో కాదో నాకు తెలియదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను. పనులు: పడవల సీళ్ళు ఊడదీసి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చాం. తాత గుమ్మానికున్న ప్లాస్టిక్ పూలు తీసి నీళ్ళలో వదిలాడు. అవి మునగలేదు, ఓడ వైపే పోయాయి.

ఔదార్యం వెళ్ళిపోలేదు. ఇంజన్లు వేసుకుని రేవుకు ఎదురుగా ఊగుతోంది. భూమి నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా దొరకు ఒక ఉపాయం తోచింది. రోజూ పొద్దున చిన్న పడవలో వచ్చి, ఒడ్డుకు తాడు విసురుతున్నాడు. ఎవరో ఒకరు పట్టుకుంటారని ఆయన ధీమా. ఈ సముద్రంలో విసిరిన తాడును పట్టుకోని మనిషి లేడట. నా దినచర్యలో చదివాడట.

అబద్ధం కాదు. అందుకే పెద్దమ్మ తప్ప ఊరంతా ఆ వేళకు రేవు వైపు రాకుండా ఏదో పని పెట్టుకుంటోంది. ఈరోజు నాకు నీళ్ళు మోసే వంతు వచ్చింది, తప్పలేదు.

దొర పడవలో నిలబడ్డాడు. ఎండకు ముఖం కందిపోయింది. సముద్రం పడటం లేదు పాపం. ‘సుప్రభాతం ఇసా’ అన్నాడు, చెప్పు కూడా తెచ్చానన్నాడు. తెచ్చాడు నిజంగానే, కాగితంలో చుట్టి. చెప్పు ముందు విసిరాడు. పట్టుకున్నాను. ఆ వెంటనే తాడు విసిరాడు.

తాడు గాలిలో విప్పుకుంటూ సరిగ్గా నా మీదికే వచ్చింది. మంచి తాడు, కొత్తది. బిందె ఎప్పుడు కింద పెట్టానో తెలియదు. మోచేతుల దాకా నరాలు లాగాయి. పట్టుకోవడానికి కారణం అక్కర్లేదు. ఊపిరి తీసినట్టే అది. ముప్పై ఏళ్ళ కిందట ఇదే రాయి పక్కన ఇంకో పిల్ల, ఇంకో బిందె.

వెనక నాచు గీకుతున్న చప్పుడు ఆగింది. పెద్దమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు, గొంతు పెంచలేదు.

“సేతులు ఎనక్కెట్టుకోయే.”

తాడు నా కాళ్ళ దగ్గర పడి, ఇసుకలో చిన్న గీత గీసుకుంటూ నీళ్ళలోకి జారిపోయింది. దొర దాన్ని లాక్కుని చుట్ట చుట్టుకుంటున్నంత సేపూ నేను అక్కడే నిలబడ్డాను, వెనక ఒక చెయ్యిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని.